పాటల సందున మిగిలిన గొంతులు

రేడియో జ్ఞాపకాల మీద తెలుగులో వచ్చే రాతలకు ఒక అచ్చు కుదిరిపోయింది. తెల్లవారుతూనే ఆకాశవాణి సంకేత రాగం, ఆ వెంటనే భక్తిరంజని, 6:55కి సంస్కృత వార్తలు, ఆదివారం ఉషశ్రీ, రాత్రికి నాటకం. చివర్లో "అలాంటి గొంతులు మళ్లీ పుట్టవు" అని ఒక నిట్టూర్పు. నిట్టూర్చడం మీద నాకేమీ పేచీ లేదు. ఆ గొంతులు ఎలా తయారయ్యాయి, ఇప్పుడు ఎక్కడున్నాయి అన్న రెండు ప్రశ్నలు ఎవరూ అడగరు, పేచీ అక్కడ. రెండో ప్రశ్నకు జవాబు చాలావరకు మన ఇళ్లలోనే ఉంది. అటక మీద, పాత ట్రంకుపెట్టెలో, బూజు పడుతూ.

ముందు మొదటిది. గొంతులు పుట్టవు, తయారవుతాయి. తయారు చేసింది సగం ప్రసార యంత్రం, సగం కొలువు.

ఆకాశవాణి కేంద్రాల మీడియం వేవ్ ప్రసార అంకెలు చూడండి: విజయవాడ 837 కిలోహెర్ట్జ్, హైదరాబాద్ 738, విశాఖపట్నం 927, కడప 900. ఈ అంకెలన్నీ తొమ్మిదో ఎక్కంలో ఉంటాయి. 1978 నవంబరు నుంచి మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్ అయింది కాబట్టి అలా కుదిరాయి. ఆ ఇరుకులో గొంతుకు దక్కేది సుమారు నాలుగున్నర కిలోహెర్ట్జ్ వరకే. ఇంట్లో సెట్టు దాన్ని ఇంకా కత్తిరించేది. "స" అనేటప్పుడు పళ్ల సందు నుంచి వచ్చే గాలిలో ఎక్కువ భాగం ఐదు కిలోహెర్ట్జ్‌కి పైన ఉంటుంది, అంటే అది శ్రోత దాకా చేరనే చేరదు. "ష" అంతకంటే కింద ఉంటుంది కనుక బతికిపోతుంది. పదం చివర మింగేసే మనిషి, వత్తులు తేల్చేసే మనిషి మీడియం వేవ్‌లో నిలబడలేరు. అచ్చును నిండుగా పలికి, హల్లును దాని ఆసరాతో దాటించేవాళ్లే అర్థమవుతారు. ఏడిద గోపాలరావు ఢిల్లీ నుంచి వార్తలు చదివితే పల్లెలో రచ్చబండ మీద కూర్చున్నవాళ్లకు ప్రతి మాటా అందిందంటే, అది భగవంతుడిచ్చిన గొంతు ఒక్కదాని మహిమ కాదు. ఆ గొట్టంలోంచి ఏది దూరుతుందో తెలిసిన పలుకు అది. సంస్కృతం ఒక్క ముక్క రానివాళ్లు కూడా "సంప్రతి వార్తాః శ్రూయన్తామ్, ప్రవాచకః బలదేవానంద సాగరః" అని ఇప్పటికీ తప్పు లేకుండా అప్పజెప్పగలరు. పలుకులో అంత స్పష్టత లేకపోతే అది సాధ్యమయ్యే పనేనా?

ఇక కొలువు సంగతి. ఆకాశవాణిలో నిలయ కళాకారులు అనే వ్యవస్థ ఉండేది. అనౌన్సర్లు, నాటక కళాకారులు, వాద్యకారులు, రచయితలు, వీళ్లను ఒక కేంద్రానికి కాంట్రాక్టు మీద తీసుకునేవాళ్లు. అధికారులకు బదిలీలు అవుతుండేవి, వీళ్లు మాత్రం చాలామంది ఉన్నచోటే ఉండిపోయేవాళ్లు. ఏళ్ల తరబడి అదే ఊరు, అదే స్టూడియో, అదే వేళ. వినేవాళ్లకు ఆ మనిషి పేరుకంటే ముందు వేళ అలవాటయ్యేది. విజయవాడలో నండూరి సుబ్బారావు నాటకాల్లో ఎన్ని వేషాలు కట్టినా గొంతు మొదటి మాటకే పట్టుబడేది, ఎందుకంటే ఆయన వారానికి వారం అక్కడే ఉన్నారు. హైదరాబాదు కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు మాట్లాడుకుంటుంటే అవి పాత్రలన్న సంగతే జనం మర్చిపోయారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసులో మొదలుపెట్టి తర్వాత హైదరాబాదులో పిల్లల కార్యక్రమాలు నడిపారు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనేవి బిరుదులు కావు, వరసలు. అన్నయ్య ఏడాదికోసారి మారితే వరస ఎలా కుదురుతుంది?

1941లో మద్రాసు కేంద్రంలో చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు విజయవాడలో భక్తిరంజనికి ఒక రూపం ఇచ్చారని అందరూ రాస్తారు. రాయనిది ఏమిటంటే, ఆ రూపానికి వెనకాల జీతం మీద పనిచేసే గాయకులు, వీణ, వయొలిన్, మృదంగం రోజూ అందుబాటులో ఉండేవి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం వంటివాళ్లు ఒకే కప్పు కింద పనిచేసిన చోట అలాంటి కార్యక్రమం పుట్టింది. పురాణాల మీద శ్రోతలు పంపిన సందేహాలకు జవాబులిచ్చే ఉషశ్రీ ధర్మసందేహాలు కూడా అంతే. శ్రోత కార్డు రాయాలి, ఆ కార్డును విజయవాడలో ఎవరో చదివి విభజించాలి, వారం తిరిగేసరికి జవాబు గాల్లోకి వెళ్లాలి. ఆయన వ్యంగ్యం, ఆయన విసురు, అన్నీ ఆ కార్డుల మీద ఆధారపడి నడిచాయి.

నిలయ కళాకారుల పోస్టులు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి, మళ్లీ నింపలేదు. ఆ స్థానంలో క్యాజువల్ అనౌన్సర్లు వచ్చారు, నెలకు ఇన్ని డ్యూటీలకు మించి ఇవ్వకూడదన్న కట్టుబాటు మీద. వాళ్లలో ఎంత మంచి గొంతున్నవాళ్లున్నా, నెలలో నాలుగైదు రోజులు వినిపించి మాయమయ్యే మనిషి ఏ ఇంటికీ అన్నయ్య కాలేడు. దానికితోడు మధ్యాహ్నాలు, రాత్రులు ఒకేచోట తయారైన కార్యక్రమాన్ని మిగతా కేంద్రాలు రిలే చేయడం మొదలైంది. కాబట్టి "ఈ కాలం వాళ్లకు రాదు" అనే మాట నేను ఒప్పుకోను. రాకపోవడానికి కారణం గొంతులో లేదు, డ్యూటీ చార్టులో ఉంది. ప్రైవేటు ఎఫ్ఎమ్ ఆర్‌జేల మీద పెద్దవాళ్లు చేసే వెక్కిరింపు కూడా ఇలాంటిదే. వాళ్లకు పాటల మధ్య దొరికేది అర నిమిషం, పాటల జాబితా వేరే ఎవరో తయారు చేసి పంపుతారు, సొంత వార్తలు చెప్పే అనుమతి లేదు. అర నిమిషంలో ఉషశ్రీ అయినా ఏం చేస్తారు?

ఇప్పుడు అసలు సంగతి. ఆ గొంతులు ఎక్కడున్నాయి?

కేంద్రంలో ఉన్నాయనుకుంటాం. కొన్ని ఉన్నాయి, కాదనను. కానీ స్పూలు టేపు లెక్క చూస్తే విషయం తెలుస్తుంది. పావు అంగుళం టేపు, ఏడంగుళాల రీలుకు 1200 అడుగులు. సెకనుకు ఏడున్నర అంగుళాల చొప్పున తిరిగితే ముప్పై రెండు నిమిషాలకు అయిపోతుంది. ఒక్క కేంద్రం రోజుకు పన్నెండు గంటల పైన ప్రసారం చేస్తే ఎన్ని రీళ్లు కావాలో వేసుకోండి. టేపు ఖరీదైన సరుకు. అందుకని ప్రసారం అయ్యాక చాలా రీళ్లను చెరిపేసి మళ్లీ వాడేవాళ్లు. గొప్ప కచేరీ, పెద్దమనిషి ప్రసంగం, పేరుపడ్డ నాటకం భద్రం చేశారు. అనౌన్సరు పాటకు ముందు చెప్పిన రెండు ముక్కలు, పాడిపంటల్లో వరి తెగులు మీద జరిగిన సంభాషణ, ఉత్తరాలకు జవాబులు, వీటిని దాచాలని ఎవరికీ తోచలేదు. చాలావాటిని అసలు టేపు మీదకే ఎక్కించలేదు, నేరుగా మైకులోంచి గాల్లోకి వెళ్లిపోయాయి. ఇప్పటి సంగతి మెరుగనుకోకండి. సామాజిక రేడియోల మార్గదర్శకాలు ప్రసారమైన కార్యక్రమాన్ని మూడు నెలలు ఉంచమంటాయి, అంతే. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి దళిత మహిళలు నడుపుతున్న సంగం రేడియో లాంటి చోట్ల పంటల మీద, విత్తనాల మీద సాగిన మాట ఉంది చూడండి, అది నిలవాలంటే నిబంధన సరిపోదు, ఎవరో పూనుకోవాలి.

అందుకే ఇళ్లలో ఉన్న క్యాసెట్లకు అంత విలువ. డెబ్బైల చివర నుంచి తొంభైల దాకా టూ-ఇన్-వన్ (రేడియో, క్యాసెట్ రికార్డరు కలిసిన సెట్టు) ఉన్న ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు రేడియోలోంచి పాటలు పట్టారు. వాళ్లు పట్టింది పాటల కోసం. అనౌన్సరు మాట్లాడగానే పాజ్ నొక్కేవాళ్లు. కానీ వేలు ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యమే. పాట చివర "...పాడినవారు ఘంటసాల, సుశీల. ఇప్పుడు..." అని సగం వాక్యం మిగిలిపోతుంది, టక్కుమని తెగుతుంది, ఇంకో పాట మధ్యలోంచి మొదలవుతుంది. ఆ పాట ఈరోజు ఏ యాప్‌లోనైనా దొరుకుతుంది. ఆ సగం వాక్యం ఎక్కడా దొరకదు. పాత క్యాసెట్లను "అన్నీ దొరికే పాటలే" అని చెత్తలో వేస్తున్నవాళ్లు దయచేసి ఒక్క నిమిషం ఆగండి.

క్యాసెట్టులోంచి కంప్యూటర్లోకి ఎలా దింపుకోవాలో చెబుతాను. దొరికిన వెంటనే ప్లేయర్‌లో పెట్టి నొక్కడమే చాలామంది చేసే మొదటి పొరపాటు. ముందు క్యాసెట్టును వెలుతురులో పట్టుకుని కిటికీలోంచి టేపు చుట్టను చూడండి. అంచుల మీద తెల్లగా పొడిలా కనిపిస్తే అది బూజు. కోస్తా ఊళ్లలో, సముద్రపు గాలి తగిలే ఇళ్లలో ఇది మామూలు. అలాంటిది ప్లే చేస్తే ఆ బూజు టేపును చదివే హెడ్డుకు, అక్కణ్ణించి తర్వాతి క్యాసెట్లకు అంటుకుంటుంది. విడిగా పెట్టి, పొడిగా ఉన్న గదిలో కొన్నాళ్లు ఆరనిచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకుని మెత్తటి బ్రష్షుతో దులపాలి. తర్వాత వెనక అంచు మీద ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకల్ని విరిచేయండి. అవి విరిగితే ఎవరూ పొరపాటున దాని మీద మళ్లీ రికార్డు చేయలేరు.

మధ్యలో టేపు వెనకాల చిన్న ఫెల్టు ముక్క ఉంటుంది, టేపును హెడ్డుకు ఆనించేది అదే. పాత క్యాసెట్లలో జిగురు ఎండి అది రాలిపోతుంది. అప్పుడు శబ్దం మూసుకుపోయినట్టు, ఒకసారి వచ్చి ఒకసారి పోతున్నట్టు వినిపిస్తుంది. జనం టేపు పాడైందనుకుని పారేస్తారు. పనికిరాని క్యాసెట్టులోంచి ఆ ముక్కను తీసి ఇక్కడ పెడితే సరిపోతుంది. ఐదు స్క్రూల డబ్బా అయితే విప్పడం తేలిక. అతికించిన డబ్బా అయితే జాగ్రత్తగా పగలగొట్టి, చుట్టల్ని స్క్రూల డబ్బాలోకి మార్చాలి. సి-90 టేపు సి-60 కంటే పలుచన, సి-120 మరీ పలుచన. వాటితో తొందరపడితే సాగిపోతుంది. ప్లే చేసే ముందు ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కు తిప్పితే చుట్ట బిగువు సమానమవుతుంది.

ప్లేయర్ విషయంలో కక్కుర్తి పడొద్దు. ఆన్‌లైన్‌లో దొరికే చవక యూఎస్‌బీ వాక్‌మన్‌లు ఊగిసలాడుతూ తిరుగుతాయి, గొంతు వణికినట్టు వస్తుంది. పాత క్యాసెట్ డెక్ (ఇంట్లో స్టీరియోకు కలిపే పెద్ద ప్లేయర్) ఒకటి సంపాదించి బెల్టులు మార్పించండి. ఎన్నో ఏళ్లు వాడని డెక్‌లో బెల్టు కరిగి తారులా పుల్లీకి అంటుకుని ఉంటుంది, దాన్ని పూర్తిగా తుడవకుండా కొత్త బెల్టు వేస్తే జారుతుంది. హెడ్డును, టేపును లాగే లోహపు కడ్డీని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో తుడవాలి. రబ్బరు రోలరుకు మాత్రం సబ్బు నీళ్ల తడిగుడ్డ చాలు, ఆల్కహాల్ పదేపదే తగిలితే రబ్బరు గట్టిపడుతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, అందరూ వదిలేసేది: హెడ్డు వాలు. టూ-ఇన్-వన్‌ల హెడ్డు కొద్దిగా వంకరగా ఉండేది. ఆ వంకరతోనే రికార్డయింది. ఇప్పుడు తిన్నగా ఉన్న హెడ్డు మీద ప్లే చేస్తే పై స్వరాలు పోతాయి, అసలే మీడియం వేవ్ కత్తిరించిన "స"లో మిగిలిన కాస్తా పోతుంది. హెడ్డుకు ఒక పక్క స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది. దాని ఇప్పటి స్థానాన్ని పెన్నుతో గుర్తు పెట్టుకోండి. రెండు చానళ్లనూ కలిపి మోనోగా వింటూ, స్క్రూను చాలా నెమ్మదిగా, పావు చుట్టుకు మించకుండా అటూ ఇటూ తిప్పితే ఒకచోట గొంతు మీది దుప్పటి తీసేసినట్టు అవుతుంది. అదే దాని స్థానం. ప్రతి క్యాసెట్టుకూ, ఒక్కోసారి ప్రతి వైపుకూ ఇది మళ్లీ చేయాలి. విసుగే, కానీ కంప్యూటర్లో తర్వాత ఎంత తంటాలు పడ్డా ఇది తిరిగి రాదు. డాల్బీ (టేపు సరసరను తగ్గించే ఏర్పాటు) మీటను ఆఫ్‌లో పెట్టండి. ఆ టూ-ఇన్-వన్‌లలో చాలావాటికి డాల్బీ లేదు.

డెక్ లైన్-అవుట్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే చిన్న పెట్టె) లోకి తీసుకోండి, ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలోకి కాదు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, కుదింపు లేని డబ్ల్యూఏవీ ఫైలు. గంటకు సుమారు ఒక గిగాబైటు అవుతుంది. గరిష్ఠ స్థాయి మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండేలా చూడండి. టేపు మీద పాజ్ నొక్కిన చోట వచ్చే టక్కు ఒక్కసారిగా పైకి లేస్తుంది, దానికి జాగా ఉండాలి. రికార్డింగ్ మోనోదే అయినా రెండు చానళ్లూ ఉంచండి. ఒకవైపు టేపు అంచు నలిగి ఉంటే రెండోది కాపాడుతుంది.

వేగం సంగతి కాస్త చిక్కు. బ్యాటరీలు నీరసించిన రోజున రికార్డు చేసింది నెమ్మదిగా ఎక్కుతుంది, ఇప్పుడు వేగంగా పలుకుతుంది. అనౌన్సరు గొంతు ఆరేళ్లు చిన్నదైపోతుంది. కరెంటు హమ్మును (కరెంటు వల్ల వెనకాల వినిపించే గుయ్యిమనే మోతను) కొలిచి సరిచేయమని ఇంగ్లీషు పుస్తకాల్లో ఉంటుంది: మెయిన్స్ 50 హెర్ట్జ్, కాబట్టి ఆ మోత ఎన్ని హెర్ట్జ్ దగ్గర ఉందో చూసి లెక్క కట్టమని. మన దగ్గర అది మొదటికే మోసం. తొంభైల్లో దక్షిణాది గ్రిడ్డు 50 దగ్గర నిలకడగా ఉన్నదెప్పుడు? 48 దాకా పడిపోయిన రోజులున్నాయి. పైగా మీ డెక్ సొంత హమ్ము కూడా అందులో కలుస్తుంది. నమ్మదగ్గ కొలబద్ద వేరే ఉంది, ఆ దొరికే పాటలే. అదే పాట డిజిటల్ ప్రతిలో 200 సెకన్లు ఉండి, క్యాసెట్టులో 194 వస్తే మూడు శాతం వేగంగా తిరుగుతున్నట్టు. ఆ ఫైలు వేగాన్ని 0.97కు తగ్గిస్తే పాటతోపాటు పక్కనున్న అనౌన్సరు గొంతూ దారికొస్తుంది. క్యాసెట్టు మొదట్లో ఆకాశవాణి సంకేత రాగం గనక ఉంటే ఇంకా మేలు. 1936 నాటి వాల్టర్ కాఫ్‌మన్ బాణీ అది, పోల్చుకోవడానికి మంచి ప్రతులు దొరుకుతాయి.

శుభ్రం చేయడంలో చెయ్యి అదుపులో పెట్టుకోండి. అసలు ఫైలును ముట్టుకోకుండా పక్కన పెట్టి, నకలు మీద పని చేయాలి. మీడియం వేవ్ రికార్డింగు అయితే 80 హెర్ట్జ్ కింద, ఆరు కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా తీసేయొచ్చు, అక్కడ గొంతు లేదు, చప్పుడే ఉంది. ఎఫ్ఎమ్ నుంచి పట్టినదైతే పైన కత్తిరించకండి. చప్పుడు తగ్గించే నాయిస్ రిడక్షన్ ఆరు డెసిబెల్స్ దాటకూడదు. ఇరవై పెట్టినవాళ్ల ఫైళ్లు వింటే మనిషి నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టుంటుంది.

దేని నుంచి పట్టారో చెవికే చాలావరకు తెలుస్తుంది. శబ్దం మెల్లగా ఉబ్బి మెల్లగా కుంగుతుంటే అది షార్ట్ వేవ్. మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వేసిన రేడియో సిలోన్ రికార్డింగులు అలాగే ఉంటాయి. వెనకాల సన్నని ఈల, పక్క స్టేషను గొణుగుడు ఉంటే రాత్రిపూట మీడియం వేవ్. పగలు భూమిని అంటి వచ్చే తరంగం ఒక్కటే అందుతుంది, చీకటి పడ్డాక వాతావరణం పైభాగంలో తరంగాన్ని మింగేసే పొర తొలగి దూరపు స్టేషన్లు కూడా వచ్చి పడతాయి. తేదీ తెలియకపోతే మాటల్లో వెతకాలి. కొత్త సినిమా పాట ఉంటే ఆ ఏడాది కంటే ముందుది కాదు. ధాన్యం ధర, తుపాను హెచ్చరిక, ఎన్నికల ఊసు ఏదైనా నెల దాకా పట్టిస్తుంది. ఫైలు పేరులో ఏడాది, కేంద్రం, కార్యక్రమం, గొంతు ఎవరిది, ఏ వైపు అన్నవి ఉండాలి. ఊహించినవాటికి ప్రశ్నార్థకం రాయండి. అట్ట మీద రాసిన పాటల జాబితాను ఫోటో తీసి పక్కనే ఉంచండి. మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఇంట్లో.

స్పూలు టేపు దొరికితే మాత్రం ఇంట్లో ప్రయోగాలొద్దు. వెనిగర్ వాసన వస్తే అది అసిటేట్ టేపు, వేడి తగలకూడదు. కీచుమంటూ గోధుమరంగు పొడి రాల్చేది వేరే జబ్బు. దాన్ని సుమారు 50 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వెచ్చబెట్టి, కోలుకున్న ఆ కొద్ది వారాల్లోనే నకలు తీసుకోవాలి. రెంటినీ తారుమారు చేస్తే రీలు పోతుంది. అలవాటున్నవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి.

దాచుకోవడం ఒక ఎత్తు, బయట పెట్టడం ఇంకో ఎత్తు. మన కాపీరైటు చట్టంలో ప్రసార సంస్థకు ఉండే హక్కు ప్రసారమైన మరుసటి ఏడాది మొదలు నుంచి 25 ఏళ్లు. కానీ లోపలి సినిమా పాటకు 60 ఏళ్లు, నాటకం రాసిన రచయితకు ఆయన పోయాక మరో 60. కాబట్టి ఉషశ్రీ ప్రసంగమైనా, నాటకమైనా గంపగుత్తగా నెట్లో పెట్టే ముందు వారసులను అడగడం మర్యాద, చట్టం కూడా. పాటలు తీసేసి అనౌన్సరు మాటలు మాత్రం వరసగా అతికించిన ఫైలుకు ఈ చిక్కు తక్కువ, అందులో పాడినవాళ్లెవరూ లేరు కదా.

అలాంటి ఫైలు తయారయ్యాక చేయాల్సిన పని ఒకటుంది, అది ఆలస్యమైతే కుదరదు. ఆ గొంతు ఎవరిదో చెప్పగలిగినవాళ్లు ఆ కేంద్రాల్లో డ్యూటీ రూములో కూర్చున్నవాళ్లు, కంట్రోల్ రూములో మీటర్లు చూసినవాళ్లు. అందరూ రిటైరై పెద్దవాళ్లయ్యారు. ముప్పై సెకన్ల ముక్క చాలు, ఫోన్‌లో డాక్యుమెంటుగా పంపండి. వాయిస్ మెసేజ్‌గా పంపితే మళ్లీ నలిగిపోతుంది. వింటుండగానే పేరు చెబుతారు. అప్పుడు రెండో ప్రశ్న అడగండి: పొద్దుటి డ్యూటీనా, రాత్రిదా, పక్కన ఎవరుండేవారు అని. ఒక పేరుకోసం ఫోన్ చేస్తే నాలుగు పేర్లు దొరుకుతాయి. వాటిని కూడా తేదీ వేసి ఆ ఫైలు పక్కనే రాసి పెట్టుకోండి.